లేని పదం గుర్తొస్తోంది! శబ్దం, అర్థం కలిసి అల్లే దొంగ జ్ఞాపకాలు

విభాగం: మనసు, మెదడు

#1 మబ్బుచాటు

చిన్న ఆట. కింద పదిహేను పదాలున్నాయి. ఒక్కసారి పైకి చదివి, పేజీ కిందికి జరిపేసి, గుర్తున్నన్ని రాయండి. మళ్లీ పైకి వెళ్లి చూడొద్దు, అదొక్కటే షరతు. ఊహించి రాయొద్దు. ఉందని నమ్మకంగా అనిపించినవే రాయండి.

ఉరుము, మబ్బు, గొడుగు, చినుకు, బురద, మెరుపు, తడి, జల్లు, ముసురు, వరద, పిడుగు, తొలకరి, చూరు, తుఫాను, ఇంద్రధనుస్సు

ఎందుకో సాయంత్రం చెప్తా.

#2 తీరికలేదు

మబ్బు, ఉరుము, మెరుపు, గొడుగు, వర్షం, బురద, జల్లు, ఇంద్రధనుస్సు. ఆఫీసులో ఉన్నా, మీటింగ్ టెన్షన్‌లో ఇంతకన్నా రాలేదు.

#3 పద్యాలపిచ్చి

ఉరుము, మబ్బు, గొడుగు, చినుకు, ముసురు, వాన, తొలకరి, చూరు, పిడుగు, ఇంద్రధనుస్సు. తొలకరి, ముసురు నాకిష్టమైన మాటలు, అందుకే నిలిచాయి.

#4 నట్టూబోల్టూ

మబ్బు ఉరుము మెరుపు వరద తుఫాను తడి. అంతే. నవ్వకండి.

#5 చాక్‌పీసు

ఉరుము, మబ్బు, గొడుగు, చినుకు, వాన, బురద, జల్లు, వరద, పిడుగు, తుఫాను, ఇంద్రధనుస్సు. ఏదో మెలిక ఉందని తెలుస్తూనే ఉంది కానీ ఏంటో అంతు చిక్కడం లేదు.

#6 మబ్బుచాటు

ఇప్పుడు పైకి వెళ్లి చూసుకోండి. జాబితాలో వాన లేదు, వర్షమూ లేదు. పదిహేనూ వాన చుట్టూ తిరిగే మాటలే. వానని మాత్రం కావాలనే వదిలేశాను.

#7 తీరికలేదు

పోస్టు ఎడిట్ చేశారు మీరు. వర్షం ఉంది. గొడుగు తర్వాతే ఉంది, నేను చదివాను.

#8 పద్యాలపిచ్చి

వర్షం లేదండీ, వాన ఉంది. మధ్యలో ఎక్కడో, ముసురు పక్కన. వర్షం అని ఉంటే నాకు తెలిసేది.

#9 మోడరేటర్

ఎడిట్ చరిత్ర చూశాను. #1లో పెట్టిన దగ్గర్నుంచీ ఒక్క అక్షరం మారలేదు. దయచేసి ఒకరినొకరు అనుమానించుకోకండి.

#10 నట్టూబోల్టూ

అసలు తమాషా చూశారా? ఒకరికి వర్షం గుర్తుంది, ఇంకొకరికి వాన గుర్తుంది. ఇద్దరూ దాని చోటు కూడా చూపిస్తున్నారు, గొడుగు పక్కన ఒకరు, ముసురు పక్కన ఒకరు. పేజీలోంచి వచ్చి ఉంటే ఇద్దరికీ ఒకే మాట, ఒకే చోట కనిపించాలి. అంటే ఎవరి నోట ఏ మాట ఎక్కువగా ఆడుతుందో అదే లోపల్నుంచి తన్నుకొచ్చిందన్నమాట. ఎర ఒకటే, చిక్కిన చేపలే వేరు :)

#11 మబ్బుచాటు

నట్టూ గారు పాయింటు పట్టేశారు. ఇక అసలు కథ.

దీన్ని డీఆర్‌ఎం పరీక్ష అంటారు. డీస్, రోడిగర్, మెక్‌డర్మాట్ అనే ముగ్గురి పేర్లలో మొదటి అక్షరాలు. 1959లో జేమ్స్ డీస్ అనే అమెరికన్ సైకాలజిస్టు పన్నెండేసి పదాలతో 36 జాబితాలు తయారుచేసి విద్యార్థులకు వినిపించాడు. ప్రతి జాబితా ఏదో ఒక పదం చుట్టూ అల్లినదే, ఆ పదం మాత్రం అందులో ఉండదు. మంచం, విశ్రాంతి, మెలకువ, అలసట, కల అంటూ సాగే జాబితా విన్నవాళ్లలో 44 శాతం మంది 'నిద్ర' కూడా రాశారు. సీతాకోకచిలుక చుట్టూ అల్లిన జాబితాకి మాత్రం ఒక్కరు కూడా పడలేదు. సున్నా. నాకు ఆ 44 కన్నా ఈ సున్నా మీదే ఆసక్తి.

ఎందుకంటే అసలు గుట్టు అక్కడుంది. గొడుగు అనగానే వాన తడుతుంది. చినుకు అన్నా అదే, ముసురు అన్నా అదే. దారులన్నీ వాన దగ్గరికే వచ్చి చేరతాయి. చిమ్మట, రెక్క, పిట్ట, పురుగు అంటే ఎంతమందికి సీతాకోకచిలుక తడుతుంది? సీతాకోకచిలుక అంటే రెక్కలు గుర్తొస్తాయి నిజమే, కానీ రెక్క అంటే పిట్టా విమానమూ ముందొస్తాయి. ఎర పదం, అంటే జాబితాలో పెట్టకుండా వదిలేసిన ఆ పదం నుంచి జాబితాకి దారి ఉంటే చాలదు, జాబితా నుంచి ఎర పదానికి దారి ఉండాలి. తర్వాత చేసిన విశ్లేషణల్లోనూ ఏ జాబితా ఎంతమందిని బోల్తా కొట్టిస్తుందో చెప్పడానికి అన్నిటికన్నా బాగా పనికొచ్చిన కొలత ఇదే.

డీస్ పని ముప్ఫై అయిదేళ్లపాటు పెద్దగా ఎవరి కంటా పడలేదు. 1995లో హెన్రీ రోడిగర్, క్యాథ్లీన్ మెక్‌డర్మాట్ దాన్ని బయటికి తీశారు. బాగా పనిచేసే జాబితాలు ఆరు తీసుకుంటే, లేని పదం 40 శాతం సార్లు వచ్చింది. పదిహేనేసి పదాల జాబితాలతో మళ్లీ చేస్తే 55 శాతం. జాబితా మధ్యలో నిజంగా వినిపించిన పదాలు గుర్తుండేది కూడా ఇంచుమించు అంతే!

#12 వాదన్

ఒక్క నిమిషం. దీనికి జ్ఞాపకం అని పేరు పెట్టడమే నాకు నచ్చడం లేదు. మబ్బు, ఉరుము, చినుకు ఉన్నాయంటే వాన ఉండే ఉంటుందని ఎవడైనా అనుకుంటాడు. ఇది లాజిక్. పరీక్షలో తెలియని జవాబుకి అంచనా వేసి రాసినట్టు. తీరికలేదు గారు ఊహించి రాశారు, ఇప్పుడు ఒప్పుకోవడం లేదు, అంతే.

#13 తీరికలేదు

ఊహించలేదు బ్రదర్. కళ్లకి కనిపిస్తోంది ఇప్పటికీ.

#14 చదువరి

వాదన్ గారి అభ్యంతరం న్యాయమైనదే. 1995 పేపర్ రాసినవాళ్లకీ ఇదే అనుమానం వచ్చింది. అందుకే ఎండెల్ టల్వింగ్ 1985లో వాడిన పద్ధతి తెచ్చి పెట్టారు. 'ఈ పదం ఉంది' అన్న ప్రతిసారీ ఇంకో ప్రశ్న వేస్తారు. ఆ పదం విన్న క్షణం మనసులో మెదులుతోందా, లేక ఉందని తెలుసు గానీ విన్న సంగతి గుర్తు లేదా? ఊహించి రాసినవాళ్లయితే రెండోదే చెప్పాలి. కానీ చాలామంది మొదటిదే చెప్పారు, అదీ నిజంగా విన్న పదాలకి చెప్పినంతగా. వాళ్లకది అంచనా కాదు, విన్న అనుభవమే.

ఇంకో ప్రయోగం దీనికన్నా విచిత్రం. జాబితాని ఇద్దరు మనుషులు మార్చి మార్చి చదివారు, ఒక పదం ఒకరు, ఇంకో పదం ఇంకొకరు. తర్వాత ఏ పదం ఎవరి గొంతులో విన్నారని అడిగితే, అసలు ఎవరూ చదవని ఎర పదానికి కూడా ఫలానా గొంతు అని చెప్పేశారు! 'గొడుగు తర్వాతే ఉంది' అనడం కూడా ఆ కోవలోదే. మెదడు పదం ఒక్కటే తెచ్చి ఊరుకోదు, దానికి చోటూ గొంతూ అన్నీ తగిలించి మరీ ఇస్తుంది.

#15 వాదన్

గొంతు సంగతి నాకు తెలియదు. సరే, పదం లోపల్నుంచే వచ్చిందనుకుందాం. ఎలా వస్తుంది మరి?

#16 చదువరి

రెండు వాదాలున్నాయి. ఇప్పటికీ రెండు శిబిరాలే.

ఒకటి, పదాలు మనసులో వలలా అల్లుకుని ఉంటాయి, ఒకటి కదిలితే పక్కవీ కదులుతాయి. మబ్బు వాననీ కొంచెం కదిపింది, గొడుగు ఇంకొంచెం, ఇలా పదిహేను సార్లు. చివరికి వాన ఎంతగా మేల్కొంటుందంటే, అది పేజీలోంచి వచ్చిందా మన లోపల్నుంచా అన్నది తేల్చుకోలేం. కాబట్టి ఇక్కడ తప్పు రెండు అంచెల్లో జరుగుతుంది. పదం మేల్కోవడం మొదటిది, దాని పుట్టుక ఎక్కడో పసిగట్టలేకపోవడం రెండోది.

రెండోది బ్రెయినర్డ్, రేనా చెప్పింది. మనం ఏది విన్నా రెండు నకళ్లు దాస్తాం. ఒకటి మాటకి మాట, రెండోది సారాంశం. మాటకి మాట ఉన్నది త్వరగా చెరిగిపోతుంది, సారాంశం నిలుస్తుంది. ఈ జాబితా సారాంశం ఏంటి? వాన. మెక్‌డర్మాట్ 1996లో రెండు రోజులాగి అడిగితే, నిజంగా విన్న పదాలకన్నా వినని పదమే ఎక్కువగా వచ్చింది. దీన్ని ఆ వాదం చక్కగా వివరిస్తుంది.

నా ఓటు మొదటిదానికే. ఎందుకంటే రెండోది శబ్దం దగ్గర తడబడుతుంది. శబ్దానికి సారాంశం ఏముంటుంది?

#17 నట్టూబోల్టూ

శబ్దం అంటే? ఇందాకటి నుంచీ అర్థం సంగతే కదా నడుస్తోంది.

#18 మబ్బుచాటు

థ్రెడ్ పేరులో శబ్దాన్ని ముందు పెట్టింది అందుకే. 1964లో కాన్రాడ్ అనే బ్రిటిష్ పరిశోధకుడు ఇంగ్లిష్ అక్షరాలని తెర మీద చూపించి, వరసగా రాయమన్నాడు. వినిపించలేదు, చూపించాడంతే. అయినా జనం చేసిన తప్పులు చూపువి కావు, చెవివి. బీ చూసి వీ రాశారు, పీ రాశారు. ఆకారంలో దగ్గరగా ఉన్న అక్షరం కాదు, పలికితే దగ్గరగా వినిపించే అక్షరం. కళ్లతో చూసిందాన్ని కూడా లోపల పలికే దాచుకుంటున్నాం.

1999లో సోమర్స్, లూయిస్ డీఆర్‌ఎం జాబితాలనే శబ్దంతో అల్లారు. ఎర పదంలో ఒక్క ధ్వని మార్చి, లేదా ఒకటి చేర్చి, లేదా తీసేసి ఇరుగుపొరుగు పదాలు పోగుచేశారు. అర్థానికి ఒకదానితో ఇంకోదానికి సంబంధమే లేదు. అయినా జనం పడ్డారు!

2003లో వాట్సన్, బలోటా, రోడిగర్ కలిసి ఈ రెండు రకాలనీ ఒకే జాబితాలో కలిపేశారు, సగం అర్థం వైపు నుంచి, సగం శబ్దం వైపు నుంచి. రెండిటి బలం కలిస్తే మొత్తం ఎంత ఉండాలో లెక్కేసుకున్నారు. వచ్చింది అంతకన్నా ఎక్కువ. కూడిక దాటిపోయింది.

తెలుగులో ఒకటి కట్టి చూశా. ఇదీ చదివి రాయండి.

నోరు, పాట, నాలుక, మూట, కబురు, బాట, పలుకు, మాల, మౌనం, తోట, గొంతు, ఆట

#19 నట్టూబోల్టూ

ఎర ఉందని తెలిసి జాగ్రత్తగా చదివాను. నోరు, పాట, నాలుక, మూట, బాట, పలుకు, మౌనం, తోట, ఆట. 'మాట' వస్తుంటే బలవంతాన ఆపాను.

#20 చాక్‌పీసు

నాకు తొమ్మిదొచ్చాయి, అందులో మాట ఉంది. మోసం అని తెలిసి కూడా!

#21 చదువరి

ముందే చెప్పి చేయించినా ఇంతే. గాలో అనే పరిశోధకుడూ ఆయన తోటివాళ్లూ 1997లో విద్యార్థులకి మొత్తం కిటుకు వివరించి మరీ పరీక్ష పెట్టారు. పొరపాట్లు తగ్గాయి, పోలేదు.

#22 పద్యాలపిచ్చి

మబ్బుచాటు గారూ, మీ రెండో జాబితాలో ఒక లొసుగుంది. ఆట, పాట, మాట మనం కలిపి అనే మాటలే. 'ఆటపాటలు' అన్నది ఒకే ముద్దగా నోట్లోకి వస్తుంది. మాటకీ మూటకీ సామెతల్లో పాత స్నేహం. కాబట్టి శబ్దం వైపు పెట్టానని మీరనుకున్న సగంలో కూడా అలవాటు కలిసిపోయింది. శుద్ధంగా శబ్దమే కావాలంటే మాడు, మాను, మేట, వేట లాంటివి పెట్టాలి.

అది అటుంచండి. పద్యం కంఠస్థం పట్టేవాడిగా నాకు తట్టిందొకటి. పాట, మూట, బాట, తోట, ఆట, ఇదంతా ప్రాసే కదా. వృత్తాల్లో, కందంలో అయితే ప్రతి పాదానికీ రెండో అక్షరంలో అదే హల్లు రావాలి. మధ్యలో ఒక మాట మర్చిపోయామనుకోండి, గణం కొలత చెప్తుంది, ప్రాస అక్షరం చెప్తుంది, భావం అర్థం చెప్తుంది. మూడూ కలిసి ఆ మాటని లాక్కొచ్చి చేతిలో పెడతాయి. అయితే కొన్నిసార్లు కవి రాయని మాటని కూడా అంతే ధీమాగా పెడతాయి. గణం సరిపోతుంది, ప్రాస కుదురుతుంది, భావం చెడదు. తప్పని చెప్పడానికి ఏ గుర్తూ మిగలదు. ఏళ్ల తరబడి అలాగే చదువుతూ ఉంటాం. పాఠాంతరాల్లో కొన్నయినా ఇలా పుట్టినవేనని నా అనుమానం, అచ్చుతప్పుల మీదికి నెట్టేస్తాం గానీ.

#23 చదువరి

పద్యం గారూ, మీరు తెలియకుండానే ఒక ప్రసిద్ధ ప్రయోగం దగ్గరికి వచ్చేశారు. రూబిన్, వాలెస్ 1989లో జనానికి ఆధారాలిచ్చి పదాలు చెప్పమన్నారు. అర్థం ఒక్కటే ఇస్తే, అంటే 'ఒక కట్టడపు సామగ్రి' లాంటిది ఇస్తే, అనుకున్న పదం ఎప్పుడో గానీ రాలేదు. ఫలానా పదంతో ప్రాస కలవాలని మాత్రమే చెప్పినా అంతే. రెండూ కలిపి ఇస్తే దాదాపు ప్రతిసారీ అదే పదం. విడివిడిగా బలహీనమైన రెండు ఆధారాలు కలిస్తే తాళం పడిపోయినట్టే.

2003 మిశ్రమ జాబితాలో జరిగిందీ అదే. కాకపోతే అక్కడ తాళం లేని పదం మీద పడింది. పద్యాన్ని చెక్కుచెదరకుండా నిలబెట్టే యంత్రాంగమే దొంగ జ్ఞాపకాన్నీ తయారుచేస్తోంది. ఒకదాన్ని ఉంచుకుని ఇంకోదాన్ని వద్దనుకోవడం కుదిరేలా లేదు.

#24 తీరికలేదు

అయితే నా మెమరీ దెబ్బతిన్నట్టు కాదన్నమాట. ఉదయం నుంచీ అదే బెంగ.

#25 చదువరి

కాదండీ, దాదాపు తిరగేసి చెప్పాలి. మెదడు దెబ్బతిని మతిమరుపు వచ్చినవాళ్లకి 1996లో షాక్టర్ బృందం ఇదే పరీక్ష పెడితే, వాళ్లకి దొంగ జ్ఞాపకాలు తక్కువ వచ్చాయి. సారాంశం పోగుచేసుకోవడానికి కూడా ముందు ఎంతోకొంత గుర్తుండాలి కదా. ఇక ఏ తేదీ చెప్పినా ఆరోజు ఏం జరిగిందో చెప్పేయగల అరుదైన మనుషులు కొందరుంటారు. 2013లో వాళ్లకీ ఈ జాబితాలు ఇచ్చారు. వాళ్లూ మామూలు జనంలాగే పడ్డారు.

#26 చాక్‌పీసు

నేను చిన్న క్లాసులకి చెప్తాను. పిల్లలు మనకన్నా ఎక్కువ పడతారా?

#27 మబ్బుచాటు

అందరూ అలాగే అనుకుంటారు. ఈ పరీక్షలో మాత్రం చిన్నపిల్లలే తక్కువ పడతారు. పదాల మధ్య అర్థాల వల వాళ్లలో ఇంకా పూర్తిగా అల్లుకోలేదు. అయితే శబ్దం సంగతి వేరు. డ్యూహర్స్ట్, రాబిన్సన్ 2004లో 5, 8, 11 ఏళ్ల పిల్లలతో చేశారు. అయిదేళ్లవాళ్లు ప్రాస కలిసే పదాలకి ఎక్కువ పడ్డారు. పదకొండేళ్లవాళ్లు అర్థం కలిసే పదాలకి ఎక్కువ పడ్డారు. ఎనిమిదేళ్లవాళ్లు మధ్యలో, రెండూ సమానంగా. చిన్నప్పుడు చెవి నడిపిస్తుంది, పెద్దయ్యేకొద్దీ అర్థం పగ్గాలు పట్టుకుంటుంది.

#28 వాదన్

అంటే కోర్టులో సాక్షులు చెప్పేవన్నీ ఇలాంటివేనా? రేపెవడైనా లాయర్ ఈ థ్రెడ్ చూపించి 'మీ జ్ఞాపకం వానలాంటిదే' అంటే?

#29 చదువరి

అక్కడే ఆగాలి. పదాల జాబితా ఒకటి, మన మీద జరిగిన సంఘటన ఇంకొకటి. 2018లో పాటిహిస్, ఫ్రెండా, లాఫ్టస్ ఒకే మనుషులకి రకరకాల దొంగ జ్ఞాపకాల పరీక్షలు పెట్టి చూశారు. ఒకదానిలో పడినవాడు ఇంకోదానిలో పడతాడని చెప్పలేకపోయారు. కాబట్టి జాబితాలో వాన రాసినంత మాత్రాన ఎవరి సాక్ష్యమూ కొట్టిపారేయడానికి లేదు. ఆ పని చేసే లాయర్ సైన్స్ పేరుతో గారడీ చేస్తున్నట్టే.

ఒక్క మాట అర్థం సంఘటన జ్ఞాపకాన్ని పక్కకి లాగడం మాత్రం నిజం. లాఫ్టస్, పామర్ 1974లో కార్ల ప్రమాదం ఫిల్మ్ చూపించారు. కొందరిని 'కార్లు తగులుకున్నప్పుడు వేగమెంత' అని అడిగారు, ఇంకొందరిని 'నుజ్జునుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు' అని. వారం తర్వాత పగిలిన గాజు చూశారా అంటే మొదటి 50 మందిలో 7గురు, రెండో 50 మందిలో 16 మంది చూశామన్నారు. ఫిల్మ్‌లో పగిలిన గాజే లేదు. గుద్దుకోవడం అన్న మాటే గాజుముక్కల్ని వెంటేసుకొచ్చింది.

#30 వాదన్

ఇది ఒప్పుకుంటాను. ప్రశ్న అడిగేవాడి నోటి మాట మీద నిఘా ఉండాలంటే సరే.

#31 చాక్‌పీసు

నేను మా పెద్ద క్లాసు పిల్లలతో చేయిద్దామనుకుంటున్నా. ఎలా చేయాలో చెప్పండి. తగ్గించే ఉపాయం ఏదైనా ఉంటే అదీ చూపిస్తాను.

#32 మబ్బుచాటు

పదానికి సెకనున్నర చొప్పున గట్టిగా చదవండి, తొందర వద్దు. ఎర పదంతో గట్టి సంబంధం ఉన్నవి ముందు, పలచనివి వెనక. ఒక జాబితా పదాలన్నీ ఒకే వరసలో ఉండాలి. నాలుగు జాబితాలు కలగాపులగం చేస్తే ప్రభావం తగ్గుతుంది. చివర్లో విన్న నాలుగైదు పదాలు ముందు రాసేయమనండి, తర్వాత మిగతావి. ఊహించి రాయొద్దని గట్టిగా చెప్పండి, లేకపోతే వాదన్ గారి ప్రశ్నే మీకూ ఎదురవుతుంది.

తగ్గించాలంటే ఇంకో బృందానికి ప్రతి పదంతోపాటు బొమ్మ చూపించండి. ఇజ్రాయెల్, షాక్టర్ 1997లో ఇలాగే చేశారు, పొరపాట్లు బాగా తగ్గాయి. 'నిజంగా చూసి ఉంటే బొమ్మ గుర్తుండాలి కదా, దీనికి బొమ్మేదీ రావడం లేదే' అని పిల్లలే తేల్చుకుంటారు. చెవితో విన్నదానికన్నా కంటితో చదివినదానికి కూడా కొంత తక్కువే.

#33 నట్టూబోల్టూ

ఇంకొకటి కలపండి. రాయించాక 'ఉందా లేదా' టిక్కు పెట్టే కాగితం ఇస్తారు కదా, దాంట్లో ఎర పదంతోపాటు దేనికీ సంబంధం లేని మాటలు నాలుగు కూడా ఉండాలి. లేకపోతే అన్నిటికీ 'ఉంది' అని టిక్కు కొట్టేవాణ్ణి మీరు దొంగ జ్ఞాపకం లెక్కలో వేసేస్తారు.

#34 చాక్‌పీసు

బాగుంది. నిచ్చెన, ఏనుగు, కత్తెర, అద్దం కలుపుతాను.